ట్రాఫిక్ లేని సైకిల్ రూట్ ఎలా వెయ్యాలి? నిజాంసాగర్ నుంచి బాసర దాకా ఒక రియల్ ప్లాన్

నిజాంసాగర్ నుంచి బాసరకి రూట్ అడిగితే గూగుల్ మ్యాప్స్ ఒక్క సెకనులో ఇచ్చేస్తుంది. కాకపోతే అది ఇచ్చేది కారుకో, బైక్‌కో. 2017 డిసెంబర్‌లో మన దేశంలో టూ-వీలర్ మోడ్ తెచ్చారు, బాగానే పనిచేస్తుంది, కానీ అందులో టూ-వీలర్ అంటే ఇంజిన్ ఉన్న బండి. హైవేలు వద్దు అనే ఆప్షన్ ఆన్ చేసినా పెద్ద హైవేని తీసేసి దాని పక్క రోడ్డు చూపిస్తుంది అంతే. ఆ పక్క రోడ్డు మీద తెల్లారి ఐదింటికి ఇసుక లారీలు తిరుగుతాయా లేదా అన్నది దానికి పట్టదు. హైవే కాని రోడ్డు వేరు, ప్రశాంతంగా ఉండే రోడ్డు వేరు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ తేడా గురించే.

ముందు విషయం చెప్తాను. మా బోధన్ ఫ్రెండ్స్ బ్యాచ్ ఒక చారిటీ సైకిల్ రైడ్ ప్లాన్ చేస్తోంది. వచ్చిన డబ్బుతో పక్క ఊళ్ల నుంచి ప్రభుత్వ హైస్కూళ్లకి నడిచి వచ్చే పిల్లలకి సైకిళ్లు కొనాలని ఆలోచన. నిజాంసాగర్ డ్యామ్ దగ్గర మొదలు, బాసరలో ముగింపు. 120 కి.మీ.కి కాస్త అటూ ఇటూ, రెండు రోజులు, మధ్యలో బోధన్‌లో నైట్ హాల్ట్. బాసర ఎందుకంటే అక్కడ రైల్వే స్టేషన్ ఉంది, మనుషులు ట్రైన్ ఎక్కేస్తారు, సైకిళ్లు డీసీఎంలో వెనక్కి వస్తాయి. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, రూట్ వేసే పని నాకు అప్పజెప్పారు.

ఇక్కడ ఒక మాట. లాంగ్ డిస్టెన్స్ సైక్లింగ్ అనగానే చాలామందికి బీఆర్‌ఎం రైడ్లు గుర్తొస్తాయి. 200 కి.మీ.ని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చెయ్యాలి, 600 అయితే 40 గంటల్లో. అలాంటివాళ్లకి ఎన్‌హెచ్ 44 షోల్డర్ మీద వెళ్లడం పెద్ద విషయం కాదు. నిజం చెప్పాలంటే, అలవాటైన వాళ్లకి వెడల్పాటి షోల్డర్ ఉన్న ఫోర్ లేన్ రోడ్డు, షోల్డర్ లేని రద్దీ టూ లేన్ రోడ్డు కంటే నయం. మా రైడ్‌కి వచ్చేవాళ్లు వేరు. సగం మంది ఎప్పుడూ 30 కి.మీ. దాటి తొక్కలేదు. ఇద్దరు టీచర్లు, ఇంటర్ పిల్లలు కొందరు, గేర్లు లేని సైకిల్ మీద వస్తానన్న ఒక బాబాయ్. గంటకి 12 కి.మీ. అనుకుంటే గొప్ప. లారీ పక్కనుంచి వెళ్తే హ్యాండిల్ వణికే రైడర్‌ని లెక్కలో పెట్టుకుని రూట్ వెయ్యాలి. బాగా తొక్కేవాడు ఎక్కడైనా తొక్కుతాడు.

కెనాల్ అనే రెడీమేడ్ లైన్

మన దగ్గర సైకిల్ ట్రాకులు లేవు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేసిన సోలార్ రూఫ్ ట్రాక్ ఉంది, 23 కి.మీ. నిజామాబాద్ జిల్లాలో అలాంటిది ఆశించలేం. కానీ మన దగ్గర వాళ్లకి లేనిది ఒకటుంది: నిజాంసాగర్ కాలువ.

మంజీర మీద నిజాంసాగర్ డ్యామ్‌ని 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. కట్టించిన ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11ని మనం తెలంగాణ ఇంజనీర్స్ డేగా జరుపుకుంటున్నాం. దీని ప్రధాన కాలువ దాదాపు 155 కి.మీ. బాన్సువాడ వైపు నుంచి బోధన్, నిజామాబాద్ ప్రాంతాల పొలాలకి నీళ్లిస్తుంది.

సైకిల్‌కి దీనితో పనేంటి? మోటార్లు లేకుండా నీళ్లు తనంతట తాను పారాలంటే కాలువ వాలు చాలా తక్కువగా, ఒకే తీరుగా ఉండాలి. అందుకే అది నేరుగా పోదు. గుట్ట వస్తే చుట్టు తిరుగుతుంది, పల్లం వస్తే అంచు పట్టుకుని పోతుంది. అంటే కాలువ గట్టు అనేది వందేళ్ల కింద లెవెల్ పరికరాలతో కొలిచి గీసిన కాంటూర్ లైన్. దూరం పెరుగుతుంది, కానీ ఎక్కుడు ఉండదు. కొత్తగా తొక్కేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? గట్టు పొడవునా లారీలకి పని కూడా ఉండదు, ఎక్కువగా రైతుల బండ్లే కనిపిస్తాయి.

ఒక చిన్న టెక్నికల్ హెచ్చరిక. ఈ గట్టు మీద రూట్ గీసి ఎలివేషన్ గ్రాఫ్ చూస్తే పళ్ల రంపంలా కనిపిస్తుంది. భయపడకండి. చాలా యాప్‌లు వాడేది ఉపగ్రహ రాడార్‌తో తీసిన ఎత్తుల డేటా, దాదాపు 30 మీటర్లకి ఒక పాయింట్. ఆ గడిలో చెట్లు, కాలువ, గట్టు అన్నీ కలిసిపోతాయి. మొత్తం ఎక్కుడు 400 మీటర్లు అని యాప్ చెప్పినా, నీళ్లు ఎదురెక్కవు కదా!

రూటింగ్ ఇంజిన్‌కి మన భయం నేర్పడం

బీటెక్‌లో డైక్‌స్ట్రా అల్గారిథమ్ చదివి, పరీక్ష రాసి, మర్చిపోయి ఉంటారు. ఇప్పుడు పనికొస్తుంది. జంక్షన్లు నోడ్లు, రోడ్లు ఎడ్జ్‌లు, ఒక్కో ఎడ్జ్‌కి ఒక కాస్ట్. ఇంజిన్ తక్కువ కాస్ట్ దారి వెతుకుతుంది. కాస్ట్ అంటే సమయం అని పెడితే గూగుల్ ఇచ్చే రూట్ వస్తుంది. కాస్ట్ అంటే భయం అని పెడితే మనకి కావాల్సింది వస్తుంది.

దీనికి నేను వాడింది బీరౌటర్. ఫ్రీ, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, డేటా మొత్తం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. ఇందులో ప్రొఫైల్ అనే టెక్స్ట్ ఫైల్‌ని మనమే మార్చుకోవచ్చు. రోడ్డు పొడవుని కాస్ట్ ఫ్యాక్టర్‌తో గుణిస్తుంది, అంతే. ఉదాహరణకి నేషనల్ హైవేకి 3, ఊరి రోడ్డుకి 1.2 అని ఇచ్చాననుకోండి. హైవే మీద 10 కి.మీ. దారి కాస్ట్ 30. ఊళ్ల మీదుగా 18 కి.మీ. దారి కాస్ట్ 21.6. ఇంజిన్ ఎనిమిది కి.మీ. ఎక్కువైనా ఊళ్ల దారే ఎంచుకుంటుంది. ఆ 3 ఎంత ఉండాలి అన్నదే అసలు ప్రశ్న. 10 పెడితే హైవేని అర కిలోమీటరు తప్పించడానికి నాలుగు కిలోమీటర్లు పొలాల్లో తిప్పుతుంది. మా రైడర్లకి అలసట కూడా ప్రమాదమే, అందుకే చివరికి 4 దగ్గర ఆగాను.

రోడ్ల రకాల పేర్లు కాస్త తెలియాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన నేషనల్ హైవేలు ట్రంక్, స్టేట్ హైవేలు ప్రైమరీ, పెద్ద జిల్లా రోడ్లు సెకండరీ. ఊరికీ ఊరికీ మధ్య చిన్న రోడ్లకి అన్‌క్లాసిఫైడ్ అని పేరు. అంటే వివరం తెలియని రోడ్డు అని కాదు, చిన్న పబ్లిక్ రోడ్డు అని అర్థం, మనకి బంగారం లాంటిది. కాలువ గట్టు దారులు సాధారణంగా ట్రాక్ కింద ఉంటాయి. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ మీదుగా వెళ్లే ఎన్‌హెచ్ 63 ట్రంక్. అది మా ప్రొఫైల్‌లో దాదాపు నిషేధం. నిజామాబాద్ టౌన్‌లోకే వెళ్లకూడదని మొదటి రోజే నిర్ణయించాం.

సమస్య ఎక్కడొస్తుందంటే, ట్రాక్ అని ఉండి సర్ఫేస్ ట్యాగ్ లేకపోతే ఇంజిన్ దాన్ని అనుమానంగా చూసి కాస్ట్ పెంచేస్తుంది. కాలువ గట్టు బాగున్నా మనల్ని మళ్లీ రోడ్డెక్కిస్తుంది. మన ఏరియాలో ఇలా ట్యాగ్ లేని దారులు బోలెడు. ఓవర్‌పాస్ టర్బోలో ఒక చిన్న క్వెరీ రాసి, ఈ చతురస్రంలో సర్ఫేస్ రాయని రోడ్లన్నీ చూపించు అంటే మ్యాప్ నిండా గీతలు వస్తాయి. ఇంజిన్‌ని తిట్టి లాభం లేదు, డేటా మనమే నింపాలి. ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకుని వెళ్తే అది గేమ్‌లా ఒక్కో ప్రశ్న అడుగుతుంది: ఈ రోడ్డు తారా, మొరమా, మట్టా? నిలబడి జవాబు నొక్కడమే. కొత్త డేటా బీరౌటర్‌లోకి రావడానికి కొంచెం టైం పడుతుంది, అందుకే ఈ పని రైడ్‌కి నెల ముందే చెయ్యాలి. ఇంకో మాట, గూగుల్ మ్యాప్స్ చూసి అక్కడి వివరాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించకండి. లైసెన్స్ ఒప్పుకోదు.

స్ట్రావా హీట్‌మ్యాప్ వాడొచ్చు కదా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. చూడొచ్చు, నమ్మకూడదు. అది సైకిళ్లు ఎక్కడ తిరుగుతాయో చెప్పదు, యాప్ ఆన్ చేసి తిరిగే సైకిళ్లు ఎక్కడ తిరుగుతాయో చెప్తుంది. పాలు పోసే తాత, బడికి పోయే పిల్ల అందులో ఉండరు. వాళ్లు ఏ దారిన పోతారో అడిగితే హీట్‌మ్యాప్ కంటే మంచి సమాధానం దొరుకుతుంది.

మ్యాప్‌లో నెలలు ఉండవు

అసలు కష్టం ఇక్కడ. ఏ యాప్ అయినా రోడ్డుని ఏడాదంతా ఒకేలా చూస్తుంది. మన ఏరియా రోడ్లు మాత్రం నెలకో రకంగా ఉంటాయి.

చెరుకు సంగతి చూడండి. బోధన్ అంటే శక్కర్‌నగర్, 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. జానకంపేట నుంచి బోధన్‌కి రైల్వే లైన్ కూడా ఆ కాలంలోనే వచ్చింది. మా నాన్నగారి తరానికి క్రషింగ్ సీజన్ అంటే చెరుకు బండ్లన్నీ బోధన్ వైపే వచ్చేవి. 2015లో ఫ్యాక్టరీ ఆగిపోయింది. చాలామంది వరికి మారారు. మిగిలిన చెరుకు ఇప్పుడు ఎదురు దిక్కుకి పోతోంది. నిజాంసాగర్ మండలం మాగిలో, కామారెడ్డి వైపు అడ్లూరు ఎల్లారెడ్డిలో చక్కెర ఫ్యాక్టరీలున్నాయి. అంటే నవంబర్ నుంచి మార్చి దాకా చెరుకు లోడ్లు మా స్టార్టింగ్ పాయింట్ వైపే వస్తాయి. శాటిలైట్ ఫోటోలో ఈ విషయం ఎక్కడా కనపడదు.

చెరుకు ట్రాక్టర్ ఎందుకు అంత భయమంటే, వెనక రెండు ట్రాలీలు, గడలు రెండు పక్కలా బయటికి వచ్చి ఉంటాయి, వెనక లైటు ఉన్నా చెరుకు కింద దాగిపోతుంది. తెల్లవారుజామున మంచులో దాని వెనక వెళ్లే సైకిల్‌కి అది కనపడేసరికి చాలా దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ట్రాక్టర్ ఓవర్‌టేక్ చేస్తే రైడర్ భుజానికి గడ తగలొచ్చు. అందుకే డ్యామ్ నుంచి బాన్సువాడ దాటేదాకా మెయిన్ రోడ్డు అస్సలు ముట్టకూడదని రూల్ పెట్టుకున్నాం. ఆ ముక్క మొత్తం గట్టు మీదే, వెలుగు వచ్చాకే స్టార్ట్.

మరి చెరుకు లేని నెలల్లో పెట్టుకోవచ్చుగా? ఏప్రిల్, మే అంటే మన నిజామాబాద్ ఎండ మీకు చెప్పక్కర్లేదు. పైగా యాసంగి వడ్లు కోసి రోడ్డు మీద ఆరబోస్తారు, సగం రోడ్డు వడ్లు, సగం రోడ్డు బండ్లు. వానాకాలం నల్లరేగడి గట్టు మీద చక్రానికి మట్టి పట్టేసి సైకిల్ మోసుకుపోవాల్సిందే. రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. అక్టోబర్, నవంబర్‌లో మళ్లీ కోతలు, హార్వెస్టర్లు, వడ్ల కుప్పలు. డిసెంబర్, జనవరిలో నాట్ల కోసం కేజ్ వీల్స్ ట్రాక్టర్లు ఊరి రోడ్ల మీద తిరుగుతాయి, తారు చీరుకుపోతుంది, పొద్దున మంచు కూడా. ఇవన్నీ తీసేస్తే మిగిలింది ఫిబ్రవరి మొదటి సగం. అప్పుడు ఆర్మూర్, బాల్కొండ వైపు నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకి పసుపు బండ్లు మొదలవుతాయి, కానీ మా రూట్ అటు పోదు. చెరుకు ఒక్కటే మిగిలింది, దానికి గట్టు ఉంది. డేట్ అలా కుదిరింది. రైడ్ డేట్ కూడా రూట్‌లో ఒక పారామీటరే అని ఏ యాప్ చెప్పదు.

ఇంకోటి ఇసుక. కోటగిరి, పోతంగల్, బోధన్ వైపు మంజీర పక్కన రోడ్లు మ్యాప్‌లో చూస్తే కవిత్వం లాగా ఉంటాయి. నది, చెట్లు, సన్నటి రోడ్డు. అక్కడే ఇసుక తీస్తారు, టిప్పర్లు ట్రిప్పుల లెక్కన పరుగెడతాయి. నదికి దగ్గర రోడ్లన్నీ బీరౌటర్‌లో నో-గో ఏరియాగా గీసి మూసేశాను. రైడర్లు నదిని చివర్లో కందకుర్తి దగ్గర చూస్తారు, మంజీర గోదావరిలో కలిసే చోట. డ్యామ్ నుంచి బయల్దేరిన మంజీర నీళ్ల పక్కనే వచ్చి, మంజీర ముగిసే చోటికి చేరుతారన్నమాట. ప్లాన్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

రూట్‌ని ముక్కలు చెయ్యండి

బెల్జియంలో లింబర్గ్ ప్రాంతంలో హ్యూగో బొలెన్ అనే మైనింగ్ ఇంజనీర్ 1995లో ఒక పద్ధతి తెచ్చాడు. సైకిల్ దారులకి పేర్లు పెట్టడం మానేసి జంక్షన్లకి నంబర్లు ఇచ్చాడు. 12 నుంచి 47కి, 47 నుంచి 30కి అని ఎవరి రూట్ వాళ్లు కట్టుకోవచ్చు. తర్వాత నెదర్లాండ్స్ అంతా పాకింది. మాకు బోర్డులు పెట్టే స్తోమత లేదు, కానీ ఐడియా మాత్రం తీసుకున్నాం. మా రూట్‌లో 14 నోడ్లు. ప్రతి నోడ్ ఒక బడి, గుడి, పంచాయతీ ఆఫీస్ లాంటి చోటు: నీడ, నీళ్లు, ఆడవాళ్లకి టాయిలెట్ ఉండాలి, 108 అంబులెన్స్ రాగలగాలి. పల్లె దారుల్లో పెట్రోల్ బంకులు ఉండవు కాబట్టి ఈ మూడోదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆదివారం బడి తాళం తీయించే మనిషి దొరకని రెండు ఊళ్లని నోడ్ లిస్ట్ నుంచి తీసేశాం.

లాభం ఏంటంటే, 5 నుంచి 6కి మధ్య గట్టు తెగినా, కల్వర్టు పని నడుస్తున్నా ఆ ఒక్క ముక్కే మారుతుంది. ప్రతి ముక్కకీ ఒక ఆల్టర్నేట్ ఫైల్ రెడీగా ఉంటుంది. కోడ్‌లో మాడ్యూల్ మార్చినట్టే.

చెకింగ్ మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుంటే అవ్వదు. స్కూటీ మీద, రైడ్ జరిగే అదే వారం, అదే టైంకి వెళ్లాలి. ఆదివారం ఖాళీగా ఉన్న రోడ్డు అంగడి రోజు ఖాళీగా ఉండదు. ఒక్కో నోడ్ దగ్గర పది నిమిషాలు నిలబడి లారీలు, టిప్పర్లు, ట్రాక్టర్లు లెక్కపెట్టండి. పదికి మించితే ఆ ముక్క మార్చాలి అన్నది మేం పెట్టుకున్న గీత, శాస్త్రం ఏమీ కాదు. గట్టు విషయంలో ఇంకో చెక్: కాలువకి రెండు గట్లు ఉంటాయి, ఒకటే బాగుంటుంది. తప్పు గట్టు ఎక్కితే మళ్లీ బ్రిడ్జి వచ్చేదాకా ఇటు రాలేరు. యాసంగిలో కాలువ నిండుగా పారుతుంది, రెయిలింగ్ ఉండదు. అందుకే గట్టు మీద ఒకరి వెనక ఒకరే, పక్కపక్కన కాదు. చీకట్లో అసలే వద్దు. గుంపుగా గట్టు మీద వెళ్తున్నామని నీటిపారుదల శాఖకి ముందే లెటర్ ఇవ్వండి, పోలీసులకీ ఒక కాపీ.

ఫోన్ సంగతి

రూట్‌ని గూగుల్ మ్యాప్స్ లింక్‌గా వాట్సాప్‌లో పంపకండి. అవతలి ఫోన్ దాన్ని తన ఇష్టప్రకారం మళ్లీ లెక్కేసుకుంటుంది, మీరు తప్పించిన రోడ్డు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. జీపీఎక్స్ ఫైల్ పంపండి, అందులోనూ రూట్ కాదు, ట్రాక్. రూట్ అంటే కొన్ని పాయింట్లే, మధ్య దారి యాప్ వెతుక్కుంటుంది. ట్రాక్ అంటే గీసిన గీత గీసినట్టే. ఓస్మాండ్‌లో ఓపెన్ చేసి, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దింపుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ కూడా ఐదు మీటర్ల తేడాలో చూపిస్తుంది, ఏ గట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి అది చాలు.

కొత్త ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించకండి. మోటార్‌సైకిల్ వైబ్రేషన్‌కి కెమెరా స్టెబిలైజేషన్ పాడవ్వచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది. సైకిల్‌కి అంత ఉండదు కానీ, మొరం మీద గంటల తరబడి అదురు తక్కువేం కాదు. ఇంట్లో మూలపడి ఉన్న పాత ఫోన్ దీనికి పర్ఫెక్ట్. ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టి స్క్రీన్ చూస్తూ పోతే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. స్క్రీన్ ఆఫ్ చేసి వాయిస్ ఒక చెవిలో పెట్టుకోండి, రెండో చెవి ట్రాఫిక్‌కి.

తప్పించలేని ఒక్క చోటు

కందకుర్తి నుంచి బాసరకి రెండు దారులు. కందకుర్తి దగ్గరే గోదావరి దాటి మహారాష్ట్రలోకి, ధర్మాబాద్ మీదుగా రావచ్చు. లేదా వెనక్కి రెంజల్, నవీపేట మీదుగా వచ్చి యంచ దగ్గర బ్రిడ్జి ఎక్కొచ్చు. మొదటిదానికి రెండు రాష్ట్రాల పోలీసులకి చెప్పుకోవాలి, బ్యాకప్ వ్యాన్ కూడా బార్డర్ దాటాలి. అందుకే రెండోది తీసుకున్నాం. కానీ యంచ దగ్గర బ్రిడ్జి మీద బస్సులు, లారీలు, బాసర భక్తుల కార్లు అన్నీ ఒకే దారి. కాస్ట్ ఫ్యాక్టర్ ఎంత పెంచినా ఇంజిన్ అదే బ్రిడ్జి ఇస్తుంది, ఎందుకంటే ఇంకో దారి లేదు.

అక్కడ ప్లాన్ ఇది. బ్రిడ్జికి ముందు చివరి నోడ్‌లో అందరూ ఆగుతారు, ఎంత ఆలస్యమైనా సరే. పది మంది చొప్పున గ్రూపులు, ప్రతి గ్రూపు వెనక ఇండికేటర్లు వేసుకుని డీసీఎం నెమ్మదిగా వస్తుంది, దింపి మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకో గ్రూపుని తెస్తుంది. బ్రిడ్జి మీద ఎవరూ సెల్ఫీకి ఆగరు. భయం వేసినవాళ్లు సైకిల్‌ని డీసీఎంలో ఎక్కించి తామూ ఎక్కి కూర్చోవచ్చు, వాళ్ల పేరు మీద వచ్చిన డొనేషన్‌లో ఒక్క రూపాయి తగ్గదు. ఇది రైడ్ ఫారంలోనే రాశాం. 14 నోడ్ల జీపీఎక్స్ ఫైళ్లు, బీరౌటర్ ప్రొఫైల్ కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను. మీ జిల్లా కాలువలకి తగ్గట్టు నంబర్లు మార్చుకోండి.